వచ్చిందా అని అడగని ఊరు

మూలపేటకు ఉత్తరంగా సరుగుడు తోటలు దాటి, మొగలి పొదల మధ్య ఇసుకలో బండిని నడిపించుకుంటూ పోతే ఒక చేపల పల్లె వస్తుంది. పేరెందుకు లెండి. పేరు చెబితే మీరు వెళ్లి అడగకూడని మాట అడిగి కూర్చుంటారు. ఆ ఊళ్లో "వచ్చిందా?" అని ఎవరూ ఎవరినీ అడగరు. బస్సు గురించైనా, కరెంటు గురించైనా, పెన్షను గురించైనా అంతే. "బస్సు కనబడతందేటి?" అంటారు. "కరెంటు వెలుగుతందేటి?" అంటారు. కాపురానికి వచ్చిన కొత్త కోడలికి మొదటి వారమంతా ఈ పాఠమే చెబుతారు.

దీనికంతటికీ కారణం దిబ్బ మీద మనిషి. ఇప్పుడా మనిషి బంగారయ్య. అతనికి ముందు అతని తండ్రి.

ఆ ఊరివాళ్లు పెద్దవల లాగుతారు. పడవ ఒకటి వలను సముద్రంలో వంపుగా పరిచి వస్తుంది. రెండు కొసల తాళ్లూ ఒడ్డునే ఉంటాయి. నలభై మంది రెండు జట్లుగా నిలబడి లాగుతారు. బాగానే ఉంది, కానీ పడవ ఎప్పుడు కదలాలి, ఎటు కదలాలి? కవళ్లనే చిన్న చేపల మంద వస్తే నీటి మీద ఒక మచ్చ పడుతుంది. అది ఒడ్డున నిలబడ్డవాడికి కనబడదు, ఎత్తు మీదున్నవాడికే తెలుస్తుంది. అందుకని ఒకడు ఇసుక దిబ్బ ఎక్కి కూర్చుంటాడు. మచ్చ పడగానే లేచి తుండుగుడ్డ ఎత్తి, మంద ఎటు పోతుంటే అటు ఊపుతాడు. అంతదాకా కిందనున్న నలభై మందీ సముద్రానికి వీపు పెట్టి హాయిగా ఉంటారు. ఒకడు చుట్ట కాలుస్తాడు, ఒకడు చిరుగు కుట్టుకుంటాడు, ఎక్కువమంది నిద్రపోతారు. కట్టుబాటు ఒక్కటే, పైనున్నవాణ్ణి "వచ్చిందా" అని అడగకూడదు. అడిగారా, అతను తలపాగా విప్పి, ఇసుక దులిపి, దిగిపోతాడు. ఆ రోజుకిక వల లేదు.

"అడిగితే ఏటవుద్ది అయ్యా?" అని బంగారయ్య కూతురు ప్రమోదిని చిన్నప్పుడు అడిగింది. ఏడేళ్ల పిల్ల. దిబ్బ మీద తండ్రి పక్కన, అతని పంచె కొంగు నీడన పడుకుని ఉంది.

"అడిగితే సూడాలనిపిత్తాది గుంటా," అన్నాడు బంగారయ్య. "సూడాలని సూసినోడికి సముద్రం నిండా మచ్చలే కనబడతాయి."

"మరి నువ్వు సూణ్ణేదేటి? కళ్లు మూసుకున్నావు గదా?"

"రోజంతా సూత్తా కూకుంటే కళ్లు అరిగిపోతాయి. అదొచ్చినప్పుడు అదే పిలుత్తాది. పిలుపు అందేలాగుండాల, అంతే."

ఆ పిల్లకేం అర్థమైందో ఏమో, తనూ కళ్లు మూసుకుంది. ఇసుక కింద నుంచి వెచ్చగా ఉంది. కెరటం విరిగి వెనక్కి పోయే చప్పుడు, మళ్లీ విరిగే చప్పుడు, ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీలో ఆమె నిద్రపోయింది. అంత మంచి నిద్ర మళ్లీ జీవితంలో పట్టలేదని ముప్పై ఏళ్ల తర్వాత కూడా అంటుంది.

ఆ ముప్పై ఏళ్లలో ప్రమోదిని చదువుకుంది, తల్లిని పోగొట్టుకుంది, టెక్కలిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పంతులమ్మ అయింది. ఆమె చెప్పే పాఠం పేరు కాస్త గంభీరంగా ఉంటుంది, సమాంతర గణన. భయపడకండి, ఒక పెద్ద లెక్కను ముక్కలు చేసి పది కంప్యూటర్లకు పంచి, అందరి జవాబులూ కలిపి ఒకటి చేయడం, అంతే. "మా ఊళ్లో పెద్దవల లాగుతారు చూడండి, అదే ఇది," అని ఆమె మొదటి రోజే చెబుతుంది. పిల్లలు నవ్వుతారు. వాళ్లలో వల లాగినవాడు ఒక్కడూ ఉండడు మరి.

శనివారం వస్తే చాలు, ఆమె స్కూటీ నౌపడ మీదుగా ఊరికి బయల్దేరుతుంది. దారికి రెండు పక్కలా ఉప్పు మడులు, వాటిలో ఆకాశం పడుకుని ఉంటుంది. ఆ తెలుపు మధ్య నుంచి పోతుంటే తను బండి మీదుందో, కలలో ఉందో తేల్చుకోలేనట్టు ఉంటుంది. కానీ ఏడాదిగా ఆ దారి ఆమెకు అలా లేదు. పలాసలో కళ్ల డాక్టరు తండ్రికి నీటికాసులని చెప్పాడు. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలిన కాస్తా నిలబెట్టుకోవాలన్నాడు. తిరుగు బస్సులో బంగారయ్య కిటికీ వైపు ముఖం పెట్టి ఒక్క మాటే అన్నాడు.

"ఈ సంగతి ఊళ్లో అనకు."

ఆమె అనలేదు. ఎలా అంటుంది? దిబ్బకు రెండో కట్టుబాటు ఒకటుంది. వరసగా మూడు మచ్చలు తప్పిపోతే మనిషి దిగిపోవాలి. ఆమె తాత అలాగే దిగాడు. దిగినవాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు, ఒక్క వానాకాలం బతికాడు. డెబ్బై ఏళ్ల తండ్రి కూడా అలా గోడవైపు తిరుగుతాడని ప్రమోదినికి భయం. మామూలు భయం కాదు, అన్నం సహించనివ్వని భయం.

విచిత్రమేమిటంటే ఆ ఏడాదంతా బంగారయ్య ఒక్క మచ్చ కూడా తప్పలేదు. ప్రమోదిని అదృష్టం అనుకుంది. చదువుకున్నవాళ్లు తమకు అర్థం కానిదాన్ని అలాగే అంటారు.

అదృష్టాన్ని ఎంతకాలం నమ్ముకుంటాం? వేసవి సెలవులు రాగానే ఆమె ఒక పథకం వేసింది. అరచేతిలో పట్టే కంప్యూటర్లు నాలుగు తెచ్చింది. మూడింటికి కెమెరాలు తగిలించి, సరుగుడు వాసాలకు కట్టి, దిబ్బ వెనక నిలబెట్టింది. ఊరివాళ్లు అడిగితే అలల ఎత్తు లెక్క కోసమని చెప్పింది. నాలుగోది పెద్దది, మిగతా మూడింటికీ యజమాని లాంటిది. దాన్ని మేనత్త సింహాచలమ్మ టీ పాకలో ఒక రేకు పెట్టెలో, బ్యాటరీతో సహా పెట్టింది. నీటి మీద నల్లగా ఏదైనా పడితే కెమెరాలు పెద్దదాని తలుపు తట్టాలి. అప్పుడు నాలుగూ లెక్కను పంచుకుని, అది మబ్బునీడా చేపల మందా అని తేల్చాలి. మందే అయితే బంగారయ్య మొలలో ఉన్న ఫోను వణకాలి. అతను లేచి తుండు ఊపాలి. ఊరికి తెలియకుండా తండ్రికి కొత్త కళ్లు పెట్టడం, అదీ ఆమె ఎత్తు. బంగారయ్య అంతా విని ఫోను మొలలో దోపుకున్నాడు. కూతురు ముచ్చట కాదనలేకపోయాడు.

సింహాచలమ్మ టీ పాక దిబ్బ భుజం మీద ఉంటుంది, సగం ఎత్తులో. ఆవిడ బంగారయ్యకు అక్క. మోకాళ్లు అరిగిపోయాయి గానీ నోరు అరగలేదు. ఉదయం నుంచి పొయ్యి దగ్గరే కూర్చుని, టీ మరిగితే గిన్నె మూతను గరిటెతో టంగుమని కొడుతుంది. ఆవిడ కొడుకు కూర్మనాథమే వలకు పెద్ద.

మొదటి రోజు ఉదయం ఆవిడ పెట్టె మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది.

"ఏటే పిల్లా, దీన్ని పొయ్యి మీదెట్టినావేటి? సెగొత్తంది! ఏటి సేత్తందిది?"

"ఏ పనీ సేత్తనేదత్తా. ఎదురు సూత్తంది."

"ఓలమ్మో! ఎదురు సూడ్డానికే ఇంత ఒళ్లు కాలిపోతే, నిజంగా వొచ్చినపుడు ఏటి సేత్తాది?"

పాకలో పిల్లి మాత్రం ఆ వెచ్చదనం మరిగింది. పెట్టె మీదెక్కి పడుకుంది, దిగనంది. ప్రమోదిని ల్యాప్‌టాప్ తెరిచి చూసింది. తన ప్రోగ్రాం పేరు ఎదురుగా ప్రాసెసర్ వాడకం నూటికి నూరు. ఇంకా ఒక్క కెమెరా కూడా తలుపు తట్టలేదు. చేయడానికి పని లేదు. అయినా నూటికి నూరు. ఏదో తప్పు చూశానులే అనుకుని మూసేసింది. ఆ రోజు మచ్చ పడలేదు, వలా కదలలేదు, అలాగే గడిచిపోయింది.

రెండో రోజు ఆకాశం మసకగా ఉంది. సముద్రం, ఆకాశం కలిసిపోయి, దూరంగా మూలపేట పోర్టు క్రేన్లు గాలిలో తేలుతున్నట్టున్నాయి. నలభై మందీ ఇసుకలో వరసగా పడుకున్నారు. దిబ్బ మీద బంగారయ్య తలపాగా కళ్ల మీదికి లాక్కుని పక్కకు ఒరిగాడు. లోకమంతా ఒక కునుకు తీస్తున్నట్టుంది, ఒక్క ప్రమోదిని తప్ప. ఆమె ల్యాప్‌టాప్‌లో ఆ నూరు అంకె కదలకుండా నిలబడి ఉంది. పది దాటే సరికి తెరమీద పెద్దదాని జాడ మాయమైంది. పెట్టె తెరిచి చూస్తే బ్యాటరీ అయిపోయింది. రోజంతా వస్తుందనుకున్నది మధ్యాహ్నం కాకముందే ఆరిపోయింది.

ఇప్పుడు మంద వస్తే తండ్రికి ఎవరు చెబుతారు? నీటివైపు చూసింది. ఏదో నల్లగా ఉన్నట్టుంది. కాదు, మబ్బు. కాదు, అక్కడ, ఇంకా లోపల. చూసేకొద్దీ సముద్రం నిండా మచ్చలే. లేచి దిబ్బ మీదికి పరుగెత్తింది. కాళ్లు ఇసుకలో కూరుకుపోతుంటే, ఊపిరి అందకుండా, గట్టిగా అరిచేసింది.

"అయ్యా! వచ్చిందా?"

అంతే. కింద నలభై తలలూ ఒక్కసారి లేచాయి. అన్నాక గానీ ఆమెకు తనేమందో తెలియలేదు. ఏ కొత్త కోడలూ చేయని పని ఆ ఊళ్లో పుట్టిన పిల్ల చేసింది, అదీ దిబ్బ మీద మనిషి కూతురు! అరచేత్తో నోరు మూసుకుంది. మాట వెనక్కి వస్తుందా?

బంగారయ్య నెమ్మదిగా లేచాడు. తలపాగా విప్పాడు. ఇసుక దులిపాడు. దిగి వచ్చి కూతురు భుజం మీద చెయ్యి వేశాడు. ఆమెను ఓదార్చడానికో, తను పడిపోకుండా పట్టుకోవడానికో తెలియదు. ఇద్దరూ అలాగే ఇంటివైపు నడిచారు. వెనక కూర్మనాథం గొంతు వినబడింది.

"సరే, ఒగ్గీండి. వల మడతెట్టీండి."

నలభై మందీ వల మడత పెట్టడంలో పడ్డారు. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం తండ్రి నిద్రపోయాక ప్రమోదిని పాకకు వెళ్లి, మేనత్త పక్కన కూర్చుని భోరున ఏడ్చింది. కళ్ల సంగతి, డాక్టరు సంగతి, కెమెరాల సంగతి అన్నీ కక్కేసింది. సింహాచలమ్మ పొయ్యిలో కొబ్బరి మట్ట ఎగదోస్తూ అంతా విన్నది.

"అయిపోయిందా ఏడుపు? ఇప్పుడిను. ఆడికి కనబడ్డం నేదని పోయినేటి నుంచీ అందరికీ తెల్సు. వలకాడ నలభై మందికీ తెల్సు. తెల్వంది నీకొక్కదానికే."

ప్రమోదిని ముక్కు తుడుచుకోవడం మానేసి చూసింది.

"మరి తుండు... ఎలాగ ఊపుతన్నాడు?"

"టీ అయిందని నాను మూత కొడితే, ఒక్కడైనా గలాసట్టుకుని లేచి వొచ్చినాడేటి? ఎప్పుడైనా సూసినావా?"

చూసింది. ఏడాదిగా చూస్తోంది. మూత మోగినా ఎవరూ లేవరు. కాసేపటికి దిబ్బ మీద తుండు లేస్తుంది, అప్పుడు లేస్తారు. ఇంత చిన్న సంగతి ఆమె బుర్రకు తట్టలేదు.

"మా అయ్య మమ్మల్నిద్దర్నీ దిబ్బ ఎక్కించీవోడు," అంది సింహాచలమ్మ. "మచ్చ సూడ్డం ఇద్దరికీ నేర్పినాడు. ఆడగుంటని గాబట్టి నన్ను పొయ్యికాడ కూకోమన్నారు. కూకున్నాను. కళ్లు కూడా పొయ్యి కేసే పెట్టుకోమని ఎవులూ సెప్పనేదు. మంద దక్షిణానికెల్తే ఒక దెబ్బ, ఉత్తరానికెల్తే రెండు. పొద్దున్న నువ్వు అరిసినప్పుడు మూత ఎత్తే ఉన్నాను తల్లీ."

"మా అయ్యకి తెల్సా ఇది?"

"టీ మూతనే అనుకుంటన్నాడు, సెవికి తగిలీసరికి ఆడికే మెలకువొచ్చి సూత్తన్నాననుకుంటన్నాడు. అలగే అనుకోనీ. నువ్వు సెప్పీకు." ఆవిడ మోకాలు నొక్కుకుంది. "నా బెంగ వేరు. రేపు సాయంత్రం కోటబొమ్మాళి కూతురింటికి ఎలిపోతన్నాను, ఈ కాళ్లకి ఆపరేసనంట. మళ్లీ ఎప్పుడొత్తానో. నా ఎనక మూత కొట్టీ మడిసి నేదు. కోడలికి నేర్పుదారంటే దానికింకా మబ్బుకీ మందకీ తేడా తెల్దు. నీ కెమేరాలకి తెల్సా?"

"తెల్సత్తా," అంది ప్రమోదిని. "మెలకువగా ఉంటే తెల్సు."

మర్నాడు పొద్దున్నే ఆమె పెట్టెనూ కెమెరాలనూ విప్పి తీసుకుని టెక్కలి వెళ్లి కాలేజీ ల్యాబు తలుపు తీసింది. సెలవుల కాలేజీ ఎలా ఉంటుందో తెలుసుగా, బల్లల మీద ఎండ, ఎక్కడో ఒక ఫ్యాను కిర్రుమంటూ. తన ప్రోగ్రాంని మొదటి నుంచి చదివింది. దాని లోపల ఉన్నది అప్పుడు కనబడింది. అది ఎదురు చూడటం లేదు. అడుగుతోంది. వచ్చిందా, వచ్చిందా, వచ్చిందా. సెకనుకు కొన్ని లక్షల సార్లు. ఊళ్లో నోటితో అనకూడని మాటను ఆమె చేతులారా రాసి, దిబ్బ పక్కనే పెట్టింది.

పాపం, దాని తప్పు కూడా కాదు. అలాంటి ప్రోగ్రాములను చల్లటి గదుల కోసం తయారు చేశారు. అక్కడ వందల కంప్యూటర్లు ఒకే చోట ఉంటాయి, అడిగిన మాటకు రెప్పపాటు కంటే ముందే జవాబు వస్తుంది. అక్కడ ఒకసారి నిద్రపోయి లేచే లోపు పని చెడుతుంది, అందుకని నిద్ర లేకుండా అడగమని నేర్పారు. ల్యాబులో గోడలోంచి కరెంటు, ఏసీ చల్లదనం, ఎవరికి పట్టింది? సముద్రం అలా జవాబు చెప్పదు. దానికి పూట పట్టొచ్చు, నాలుగు రోజులు పట్టొచ్చు.

ప్రమోదిని ఎదురుచూసే పనిని ఆ పెద్ద ప్రోగ్రాం చేతిలోంచి తీసేసింది. తలుపు దగ్గర ఒక చిన్న ప్రోగ్రాంని పడుకోబెట్టింది. అది దేన్నీ అడగదు, నిద్రపోతుంది. కెమెరా ఏదైనా తలుపు తడితే ఆపరేటింగ్ సిస్టం దాన్ని తట్టి లేపుతుంది, అది మిగతావాటిని లేపుతుంది, అప్పుడు నాలుగూ కలిసి లాగుతాయి. కెమెరాలకు కూడా ఐదు సెకన్లకోసారి ఒక్క చూపు చూసి కళ్లు మూసుకోమని చెప్పింది. నడిపి చూసింది. ప్రాసెసర్ వాడకం సున్నా. చచ్చిపోయిందేమో అని భయమేసి కెమెరా ముందు నల్ల గుడ్డ ఊపింది. టక్కున లేచి లెక్క చేసి, జవాబు చెప్పి, మళ్లీ పడుకుంది. ఖాళీ ల్యాబులో ఆమెకు తండ్రి గొంతు వినబడినట్టైంది. పిలుపు అందేలాగుండాల, అంతే.

ఆ సాయంత్రం సింహాచలమ్మ ఆటో ఎక్కుతూ మూతా గరిటే మేనకోడలి చేతిలో పెట్టింది. "సెలవులు అయినంతవరకూ నువ్వు కొట్టు, ఈలోపు నా కోడలికి నేర్పు. టీ కూడా పెట్టాలి మరి, ఒట్టి మూత కొడితే ఆడికి అనుమానమొత్తాది," అంది.

మర్నాడు ప్రమోదిని పెట్టెనూ కెమెరాలనూ మళ్లీ బిగించి, పొయ్యి ముందు కూర్చుంది. దూరంగా తండ్రి దిబ్బ ఎక్కడం చూసింది, పాదాలు ముందుగా ఇసుకను తడుముకుంటున్నాయి. అతని మొలలో ఫోను లేదు. అది ఆమె ఒళ్లో ఉంది. పెట్టె చల్లగా ఉంది. పిల్లి దాన్ని ఒకసారి వాసన చూసి, ఇదేం బాలేదన్నట్టు వెళ్లి వల మీద పడుకుంది. కూర్మనాథం ఆమెను చూసి "సూడు పిల్లా" అనబోయి ఆగి, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఈ రోజు మచ్చ తప్పితే ఒకటి. రేపు తప్పితే రెండు.

పొద్దెక్కింది. కెరటం విరిగి వెనక్కి పోయే చప్పుడు, మళ్లీ విరిగే చప్పుడు. ప్రమోదిని నీటివైపు చూడటం మానేసింది. కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. ఉప్పు మడుల్లో ఆకాశం పడుకుని ఉంది. ఆ ఆకాశం మీద తను నడుస్తోంది, ఏడేళ్ల పాదాలతో. ముందు తండ్రి నడుస్తున్నాడు, వెనక్కి తిరిగి చూడకుండా. పంచె కొంగు నీడ ఆమె ముఖం మీద పడుతోంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగడం లేదు.

ఒళ్లో ఫోను వణికింది.

ఆమె ఉలిక్కిపడి లేవలేదు. మెల్లగా కళ్లు తెరిచింది. ఉత్తరం వైపు, పొగమంచు ఇవతల, నీటి మీద చిక్కటి మచ్చ పాకుతోంది. ఈసారి సముద్రం నిండా లేవు, ఒక్కటే ఉంది. మూత ఎత్తింది. గబగబా కొట్టింది. టంగు, టంగు.

నలభై మందిలో ఒక్కడూ కదల్లేదు. దిబ్బ మీద ఒరిగిన మనిషి కూడా కదల్లేదు. వినబడలేదా? ఇంకోసారి కొట్టాలా? కొడితే మూడవుతుంది, నాలుగవుతుంది, దానికేం అర్థం? "అయ్యా" అన్న పిలుపు గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగి, గరిటె గట్టిగా పట్టుకుని, కూర్చుంది.

బంగారయ్య లేచాడు. నిలబడి, డెబ్బై ఏళ్ల వెన్ను నిటారుగా పెట్టి, తుండుగుడ్డ తల మీదుగా ఎత్తి ఉత్తరానికి ఊపాడు. నలభై మందీ ఒక్క కేకతో లేచారు. పడవ నీళ్లలోకి ఉరికింది. ప్రమోదినికి ఆ తర్వాత ఏదీ సరిగ్గా కనబడలేదు, కళ్లలో నీళ్లు తిరిగి అంతా అలుక్కుపోయింది. వల ఒడ్డుకు చేరేసరికి ఇసుక మీద వెండి పరిచినట్టుందని అందరూ చెప్పుకుంటే విన్నది.

మధ్యాహ్నం అరుగు మీద బంగారయ్య కాళ్లు కడుక్కుంటున్నాడు. కూతురు చెంబుతో నీళ్లు పోస్తోంది. అతను ముఖం ఎత్తకుండానే, పిల్లికి కూడా వినబడనంత మెల్లగా అన్నాడు.

"మీ అత్త ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్యన ఊపిరి తీసుకునేది గుంటా. నువ్వు తొందరగా కొట్టీసినావు. ఒకటో రెండో తెల్క నాను సానాసేపు ఆలోసించీసినాను. రేపు కొంచెం నిదానంగా కొట్టు."